మెడను నిలబెట్టే చెవి

1820లలో ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ ఫ్లూరెన్స్ పావురాల లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలను (సగం వలయం ఆకారపు సన్నని గొట్టాలను) ఒక్కొక్కటే కోసి చూశాడు. అడ్డంగా ఉండే కుల్య తెగిన పావురం తలను కుడికీ ఎడమకీ ఊపింది. నిలువుది తెగితే పైకీ కిందికీ ఊపింది. వినికిడి మాత్రం పోలేదు. ఈ కుల్యలు కదలికను పసిగట్టే అవయవాలని స్పష్టపడింది 1870లలోనే.

ఒక్కో చెవిలో కుల్యలు మూడు, వాటి పక్కనే యుట్రికిల్, శాక్యూల్ అనే రెండు సంచులు. తల తిరగడాన్ని కుల్యలు, కుదుపునూ వాలునూ సంచులు గుర్తిస్తాయి. తల కదలకపోయినా వీటి నాడులు ఊరుకోవు. కోతుల్లో కొలిస్తే ఒక్కో నాడీతంతువు నుంచి సెకనుకు దాదాపు 90 సంకేతాలు. తల ఎడమకు తిరిగితే ఎడమ చెవి సంకేతాలు పెరుగుతాయి, కుడి చెవివి తగ్గుతాయి. ఆ తేడాయే మెదడుకు సమాచారం.

మనిషి తల నాలుగున్నర, ఐదు కిలోలు తూగుతుంది. పైగా దాని బరువు మెడ కీలుకు కాస్త ముందుకు పడుతుంది. కూర్చుని కునికితే తల ముందుకు వాలేది అందుకే. మెలకువగా ఉన్నప్పుడు ఎవరైనా తలను ఎడమకు తోస్తే, దాన్ని కుడికి లాగే మెడ కండరాలు మనం అనుకోకముందే బిగుస్తాయి. ఈ ప్రతీకార చర్యకు అతి దగ్గరి దారిలో మూడే నాడీకణాలు: చెవి నుంచి మెదడు కాండానికి ఒకటి, అక్కడి నుంచి వెన్నుపాముకు ఒకటి, కండరానికి ఒకటి.

మరి ఎవరో పిలిస్తే మనమే తల తిప్పినప్పుడు ఇది అడ్డుపడదా? పడాలి, కానీ పడదు. కోతుల మీద క్యాథలీన్ కల్లెన్ బృందం చేసిన ప్రయోగాల్లో, తల తనంతట తాను తిప్పుకున్నప్పుడు మెదడు కాండంలోని సంబంధిత కణాల స్పందన సుమారు 70 శాతం తగ్గింది. మెడ నుంచి వచ్చే కబురు ముందే వేసుకున్న అంచనాతో సరిపోలితేనే ఈ తగ్గింపు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అసలు విశేషం ఇదే.

ఈ దారిని పరీక్షించడానికి శబ్దం చాలు. పెద్ద శబ్దానికి శాక్యూల్ కూడా స్పందిస్తుంది. ‘సెర్వికల్ వెంప్’ అనే ఈ పరీక్షను 1990లలో కోల్‌బ్యాచ్, హాల్మాగీ రూపుదిద్దారు. పడుకోబెట్టి, తల కాస్త ఎత్తించి పక్కకు తిప్పిస్తారు. చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా వచ్చే కండరం మీద ఎలక్ట్రోడ్ అంటిస్తారు. చెవిలో సాధారణంగా 500 హెర్ట్జ్ శబ్దం సెకనుకు ఐదుసార్ల చొప్పున వినిపించి, వందకు పైగా స్పందనల సగటు తీస్తారు. శబ్దం వచ్చిన వైపు కండరం బిగువు క్షణకాలం తగ్గుతుంది. గ్రాఫులో మొదటి శిఖరం 13 మిల్లీసెకన్ల దగ్గర, రెండోది 23 దగ్గర.

తప్పులు దొర్లేదీ ఇక్కడే. ఇది బిగువు తగ్గడాన్ని కొలిచే పరీక్ష. కండరం ముందే వదులైతే తగ్గడానికేమీ ఉండదు. రోగి అలసి తల దించేస్తే మంచి శాక్యూల్ కూడా చెడినట్టు కనిపిస్తుంది. మధ్య చెవిలో నీరు చేరినా శబ్దం లోపలికి అందక స్పందన రాదు. అప్పుడు ఎముక ద్వారా ప్రకంపన ఇచ్చి చూడాలి. అరవై దాటినవారిలో స్పందన సహజంగానే చిన్నది. అలాగని పెద్దదైతే మంచిదనీ కాదు: పై కుల్య మీది ఎముకకు చిల్లి పడితే తక్కువ శబ్దానికే బలమైన స్పందన వస్తుంది.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటి మందుల వల్ల రెండు చెవుల్లో సమతుల్యత దెబ్బతిన్నవారికి అడుగు వేసినప్పుడల్లా చూపు అదురుతుంది, నడుస్తూ దుకాణం బోర్డు చదవడం కష్టం. కొందరు మెడ బిగబట్టి నడుస్తారు. చెవి చేయాల్సిన పనిని కండరాలకు అప్పగించడం వల్ల సాయంత్రానికి మెడ పట్టేస్తుంది.