సముత్ ప్రకాన్ బ్యాంకాక్ శివారేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే గ్రూపులను థాయ్‌లాండ్‌లో తిప్పడం నా పని. ఎయిర్‌పోర్టు నుంచి బస్సు కదలగానే "మనం ఇంకా బ్యాంకాక్‌లోకి రాలేదండీ" అని చెబుతాను. చాలామంది నమ్మరు. మీరు దిగిన నేల పేరు సముత్ ప్రకాన్. దీని గురించి బస్సులో రోజూ వినే అపోహలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇక్కడ తీరిగ్గా సమాధానం చెబుతాను, ఎందుకంటే ఈ ప్రాంతాన్ని కిటికీలోంచి చూసి వదిలేయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: సువర్ణభూమి ఎయిర్‌పోర్టు బ్యాంకాక్‌లో ఉంది.

వాస్తవం: టికెట్ మీద బ్యాంకాక్ అనే ఉంటుంది. ఎయిర్‌పోర్టు మాత్రం సముత్ ప్రకాన్ ప్రావిన్స్‌లోని బాంగ్ ఫ్లీ జిల్లాలో ఉంది. 2006 సెప్టెంబరు 28న పూర్తిస్థాయిలో మొదలైంది. అంతకుముందు అదంతా చిత్తడి నేల, స్థానికులు నాగుపాముల మడుగు అని పిలిచేవాళ్లు. తిరుగు ప్రయాణంలో మనవాళ్లు ఫొటోలు దిగే క్షీరసాగర మథనం శిల్పం ఉన్నది కూడా ఈ ప్రావిన్స్‌లోనే.

అపోహ: పేరుకే ప్రావిన్స్, పాలన అంతా బ్యాంకాక్‌దే.

వాస్తవం: ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. సముత్ ప్రకాన్ విస్తీర్ణం సుమారు 1,004 చదరపు కిలోమీటర్లు. మువాంగ్ సముత్ ప్రకాన్, బాంగ్ బో, బాంగ్ ఫ్లీ, ఫ్రా ప్రదేంగ్, ఫ్రా సముత్ చేది, బాంగ్ సావో థోంగ్ అని ఆరు జిల్లాలు. జిల్లాను అక్కడ అంఫో అంటారు. అంఫో కింద తంబోన్లు, వాటి కింద గ్రామాలు. తంబోన్ పెద్దను కమ్నాన్ అంటారు.

బ్యాంకాక్‌కు ప్రత్యేక పాలన ఉంది, అక్కడ గవర్నర్‌ను జనం ఓటేసి ఎన్నుకుంటారు. సముత్ ప్రకాన్ సహా మిగతా 76 ప్రావిన్స్‌లకు గవర్నర్‌ను హోం వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ నియమిస్తుంది. గవర్నర్ అనగానే మన రాష్ట్ర గవర్నర్ గుర్తుకొస్తారు గానీ, చేసే పనిని బట్టి చూస్తే ఆయన మన కలెక్టర్‌కు దగ్గర. ఆయనతో పాటు, జనం ఎన్నుకున్న ప్రావిన్స్ పాలక సంస్థ కూడా ఒకటి ఉంటుంది. దాదాపు మన జిల్లా పరిషత్తు లాంటిదే.

నిజానికి కొంతకాలం ఇది రాజధానిలో కలిసే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 జనవరి 1న సముత్ ప్రకాన్‌ను రద్దు చేసి, చాలా భాగాన్ని అప్పటి ఫ్రా నఖోన్‌లో, అంటే నేటి బ్యాంకాక్ తూర్పు భాగంలో కలిపేశారు. మూడేళ్లు దాటాక, 1946 మే 9న మళ్లీ విడిగా నిలిచింది. ఆ రద్దు సమయంలో చోన్‌బురికి ఇచ్చిన సీచాంగ్ దీవి మాత్రం తిరిగి రాలేదు. ఇక ఫ్రా ప్రదేంగ్ అయితే 1932 వరకు తనే ఒక ప్రావిన్స్. బ్యాంకాక్ పెరిగి పెరిగి సముత్ ప్రకాన్‌ను మింగేసిందనే మాట మ్యాప్ చూసినవాళ్లు చెప్పేది. గెజెట్లు చూస్తే అలా అనరు.

అపోహ: ఫ్యాక్టరీలు తప్ప అక్కడ చరిత్ర ఏముంది?

వాస్తవం: ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ చావో ఫ్రయా నది సముద్రంలో కలిసేది ఇక్కడే. సముద్రం మీదుగా రాజధానికి రావాలంటే ఈ నదీముఖం దాటాల్సిందే. అందుకే రాజులు ఇక్కడ వరుసగా కోటలు కట్టారు. వాటిలో ఒక్కటే చూడగలిగితే ఫ్రా చులచోంక్లావ్ కోట చూడండి. మన కోటల్లా ఎత్తైన బురుజులు ఉండవు. నేలలోకి దిగిన గుంతల్లో ఏడు ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు ఉంటాయి. ఫిరంగి పైకి లేచి పేలుతుంది, ఆ వెనుదెబ్బకే మళ్లీ గుంతలోకి దిగిపోతుంది. శత్రువుకు కనిపించేది ఆ కొద్ది క్షణాలే. మెట్లు దిగి ఆ ఇనుప యంత్రం పక్కన నిలబడితే ఎంత ఆలోచించి కట్టారో తెలుస్తుంది.

అంత చేసినా 1893 జులై 13 సాయంత్రం పోటు చూసుకుని ఫ్రెంచి యుద్ధనౌకలు కాల్పుల మధ్యే కోట దాటి బ్యాంకాక్ చేరాయి. దీన్నే పాక్‌నామ్ ఘటన అంటారు. పాక్‌నామ్ అంటే నదీముఖం, సముత్ ప్రకాన్ పట్టణానికి వాడుక పేరు. ఆ ఏడాది అక్టోబరు 3 నాటి ఒప్పందంతో మెకాంగ్ నది ఎడమ గట్టును, అంటే నేటి లావోస్‌లో చాలా భాగాన్ని, సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) వదులుకోవాల్సి వచ్చింది. ఒక దేశం పటం మారడానికి దారితీసిన చోటు ఇది. టూరు ప్యాకేజీల్లో దీని పేరే ఉండదు!

ఆ ఘటనకు మూడు నెలల ముందే, ఏప్రిల్ 11న, థాయ్‌లాండ్‌లో మొట్టమొదటి రైలు బ్యాంకాక్ నుంచి ఈ పాక్‌నామ్‌కే నడిచింది. 21 కిలోమీటర్ల లైను. 1960 జనవరి 1న మూసేశారు. ఆ పట్టాలున్న చోట ఇప్పుడు రోడ్డు ఉంది. దాన్ని ఈనాటికీ పాత రైలు దారి అనే పిలుస్తారు.

అపోహ: ఎరవాన్ అంటే బ్యాంకాక్‌లోని బ్రహ్మ గుడి.

వాస్తవం: రెండూ వేరు. రాచప్రసోంగ్ కూడలిలో ఉన్నది ఎరవాన్ మందిరం. మూడు తలల ఐరావతం ఉన్న ఎరవాన్ మ్యూజియం సముత్ ప్రకాన్‌లో ఉంది. ట్యాక్సీ ఎక్కేటప్పుడు ఏది కావాలో స్పష్టంగా చెప్పండి.

అపోహ: బాంగ్ క్రాచావ్ బ్యాంకాక్ వాళ్ల పార్కు.

వాస్తవం: నది పెద్ద మెలిక తిరిగిన చోట, మూడు వైపులా నీటితో ఉన్న ఈ పచ్చని నేల ఫ్రా ప్రదేంగ్ జిల్లాలోది. అది పార్కు కూడా కాదు, ఆరు తంబోన్ల జనం బతికే ఊళ్లు. ఆ మెలిక 18 కిలోమీటర్లు ఉంటుంది. దాని మెడ దగ్గర లాట్ ఫో అనే చిన్న కాలువ ఉంది, 600 మీటర్లే. 2006లో దానికి గేట్లు పెట్టి, వరద నీటిని అడ్డదారిన సముద్రానికి వదిలే ఏర్పాటు చేశారు. బ్యాంకాక్ వరద భారాన్ని కొంత మోసేది కూడా సముత్ ప్రకానే.

ఫ్రా ప్రదేంగ్‌లో 1815 నుంచి మోన్ జాతి వాళ్లు స్థిరపడ్డారు. అందుకే సోంక్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండుగ, ఏప్రిల్ 13 నుంచి 15 వరకే అనుకోవద్దు. ఇక్కడ అసలు సందడి దాదాపు వారం తర్వాత.

అపోహ: సముద్రం ఉంది కాబట్టి బీచ్ ఉంటుంది.

వాస్తవం: పట్టాయా లాంటి ఇసుక తీరం కోసం వస్తే నిరాశే. నది తెచ్చిన బురద, దాని మీద మడ చెట్లు, ఇదీ ఇక్కడి తీరం. చలికాలంలో బాంగ్ పూ వంతెన చుట్టూ వేల సీగల్ పక్షులు వాలతాయి. నేను మాత్రం పిల్లలున్న కుటుంబాలను కూడా ఖున్ సముత్ చిన్ గుడికి తీసుకెళ్తాను. సముద్రం నేలను కోసేస్తుంటే ఊరు వెనక్కి జరిగింది, గుడి నీటి మధ్య మిగిలిపోయింది. ఒకప్పటి కరెంటు స్తంభాలు సముద్రంలో నిలబడి కనిపిస్తాయి. నీరు రాకుండా గుడి లోపలి నేలను ఎత్తు చేశారు, దాంతో ద్వారం పొట్టిదైపోయి వంగి వెళ్లాలి. కోత గురించి ఎన్ని క్లాసులు విన్నా ఆ ద్వారం ముందు వంగినప్పుడు అర్థమైనంతగా అర్థం కాదు.

అపోహ: అక్కడికి వెళ్లాలంటే కారు మాట్లాడుకోవాలి.

వాస్తవం: 2018 డిసెంబరు నుంచి బ్యాంకాక్ స్కైట్రైన్ (మెట్రో రైలు) సుఖుంవిట్ లైన్ ఈ ప్రావిన్స్‌లోని కేహా స్టేషన్ వరకు వెళ్తోంది. మ్యూజియానికి చాంగ్ ఎరవాన్ స్టేషన్‌లో దిగండి. పాక్‌నామ్ స్టేషన్‌లో దిగితే మార్కెట్ పక్కనే రేవు ఉంటుంది, అక్కడి పడవ నదికి అవతల ఫ్రా సముత్ చేది వైపు దింపుతుంది. కోటకు, గుడికి వెళ్లాల్సింది ఆ ఒడ్డు నుంచే. ఉదయాన్నే బయల్దేరండి, మధ్యాహ్నం ఎండకు ఆ తీరంలో నీడ దొరకదు.