స్కేలు పట్టే ఆట, ఆండర్సన్ సిల్వా ఓటమి

హనుమకొండలో నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. స్వేచ్ఛాపతనం పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో ఒక ఆట ఆడిస్తాను. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును పై కొసన పట్టుకుని నిలువుగా వేలాడదీస్తాను. కింద సున్నా గీత దగ్గర పిల్లవాడు బొటనవేలు, చూపుడువేలు ఎడంగా పెట్టుకుని నిలబడతాడు. నేను చెప్పకుండా వదిలేస్తాను, వాడు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక దొరికిందో చూస్తే, కన్ను చూసినదానికి చెయ్యి కదలడానికి ఎంత టైం పట్టిందో తెలిసిపోతుంది. 20 సెంటీమీటర్లు జారితే సెకనులో ఐదో వంతు.

ఈసారి ముందుకొచ్చిన అబ్బాయి సాయంత్రాలు ఎంఎంఏ, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన పోరాటం, నేర్చుకుంటున్నాడు. మూడుసార్లు వదిలాను. 18, 20, 17. మిగతా పిల్లలందరికీ వచ్చిన లెక్కే. వాడికి నచ్చలేదు.

"సార్, నేను రోజూ గుద్దులు తప్పించుకుంటున్న. గంత స్లో ఎట్లయిత?"

సరే అని, ఈసారి "ఒకటి, రెండు, మూడు" అంటూ ఒకే లయలో లెక్కపెట్టి మూడు దగ్గర వదిలాను. ఐదు సెంటీమీటర్లకే పట్టేశాడు. అంటే సెకనులో పదో వంతు. క్లాసంతా చప్పట్లు. మరోసారి మొదలుపెట్టి, మూడు దాకా పోకుండా రెండు దగ్గరే వదిలేశాను. స్కేలు టపీమని నేల మీద పడింది. వాడు వేళ్లు మూసేసరికి మధ్యలో ఏమీ లేదు. ఖాళీ వేళ్ల వైపు వాడు చూసుకున్న చూపుకి నాకు 2013 జూలై 7 గుర్తొచ్చింది.

మనకు అది ఆదివారం పొద్దున. లాస్ వెగాస్‌లో ఇంకా శనివారం రాత్రి, జూలై 6. ఎంఎంఏ ఛాంపియన్ ఆండర్సన్ సిల్వా పోరాటం చూడ్డానికి కాకతీయ యూనివర్సిటీ దగ్గర ఒక ఫ్రెండ్ రూంలో ఐదుగురం ఒకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. కరెంటు పోతుందేమోనన్న టెన్షన్ ఉంది కానీ సిల్వా ఓడిపోతాడేమోనన్న టెన్షన్ ఎవరికీ లేదు.

ఎందుకుంటుంది? బ్రెజిల్ వాడైన సిల్వా 2006 జూన్‌లో ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద సంస్థ యూఎఫ్‌సీలో అడుగుపెట్టి, మొదటి ప్రత్యర్థి క్రిస్ లెబెన్‌ను 49 సెకన్లలో పడగొట్టాడు. అదే ఏడాది అక్టోబరులో రిచ్ ఫ్రాంక్లిన్‌ను ఓడించి మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు. ఆ టైటిల్‌ను 10 సార్లు నిలబెట్టుకున్నాడు. బెల్టు అతని దగ్గర 2,457 రోజులు ఉంది. యూఎఫ్‌సీలో అప్పటికి 16 పోరాటాలు, 16 గెలుపులు. 2010లో చేల్ సోనెన్ నాలుగు రౌండ్లకు పైగా కింద పడేసి కొడితే, ఐదో రౌండులో కింద నుంచే కాళ్లతో మెడ బిగించి లొంగదీశాడు. 2009లో ఫారెస్ట్ గ్రిఫిన్ గుద్దుతుంటే చేతులు కిందికి వదిలేసి, తల మాత్రం అటూ ఇటూ జరుపుతూ తప్పించుకున్న ఆ కొన్ని క్షణాలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఎదురుగా ఉన్న క్రిస్ వైడ్‌మన్ న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ వాడు, కుస్తీ నుంచి వచ్చినవాడు. అప్పటికి ఆడినవి తొమ్మిదే, తొమ్మిదీ గెలిచాడు. మొదటి రౌండులో సిల్వాను కింద పడేశాడు. రెండో రౌండులో సిల్వా చేతులు దించి రమ్మని పిలిచాడు, గుద్దు తగిలితే మోకాళ్లు వణికినట్టు నటించాడు. వైడ్‌మన్ ఆగలేదు, వరసగా విసిరాడు. సిల్వా వెనక్కి వంగాడు, ఇంకా వంగాడు. ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి విసిరే గుద్దు, దవడ మీద పడింది. 1 నిమిషం 18 సెకన్ల దగ్గర రిఫరీ ఆపేశాడు.

రూంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకడు "పొగరు" అన్నాడు. ఆ తర్వాత చాలామంది అదే మాట అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. నేను మాత్రం ఒప్పుకోను. స్కేలు ఆట చూశాక అస్సలు ఒప్పుకోను.

బాగా తయారైనవాడి పిడికిలి సెకనుకు 8 నుంచి 10 మీటర్ల వేగం అందుకుంటుంది. ఎదురెదురుగా నిలబడితే అది దాటాల్సిన దూరం అర మీటరు, కాస్త అటూ ఇటూ. అంటే గుద్దు బయల్దేరి తగలడానికి దాదాపు సెకనులో పదో వంతు. కన్ను చూసి, మెదడు గుర్తుపట్టి, కండకు కబురు పంపేసరికి ఐదో వంతు గడిచిపోతుంది. అంటే పిడికిలిని చూసి తప్పించుకోవడం ఛాంపియన్‌కైనా కుదిరే పని కాదు. అతను తప్పించుకునేది ఇంకా బయల్దేరని గుద్దును. వెనక కాలి మడమ లేస్తుంది, నడుము తిరుగుతుంది, భుజం ముందుకొస్తుంది, ఆ తర్వాతే పిడికిలి వస్తుంది. అనుభవం ఉన్నవాడు పిడికిలిని చూడడు, భుజాలూ ఛాతీ ఉన్నచోట చూపు నిలుపుతాడు. మా ఊళ్లో కబడ్డీ ఆడేటప్పుడు పెద్దవాళ్లు "కాళ్లు చూడకురా, నడుము చూడు" అని అరిచేవాళ్లు. అదే సంగతి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి బ్యాట్స్‌మన్ ఆధారపడేది కూడా దీని మీదే. బంతి చేయి వదలకముందే సగం లెక్క అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఆ దించిన చేతుల సంగతి చూద్దాం. గార్డ్, అంటే ముఖానికి అడ్డుగా పెట్టుకునే చేతులు, పైన ఉంటే ఎదుటివాడు ఎక్కడైనా కొట్టొచ్చు, పొట్టకు, పక్కటెముకలకు, కాళ్లకు. తల ఖాళీగా చూపిస్తే తలకే కొడతాడు. ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలిసిన పరీక్ష అది. సిల్వా ఏళ్ల తరబడి చేసింది ఇదే. ఎర వేసి, ఎదుటివాడి లయ పట్టుకుని, వాడు అందుకోలేనంత దూరంలో తల పెట్టేవాడు. లెక్క మీద నడిచే పద్ధతిని గర్వం అనడం అన్యాయం.

ఆ రోజు తప్పింది లయ. కుడి చెయ్యి వచ్చాక ఎడమ రావాలి. వైడ్‌మన్ కుడి విసిరి, అదే కుడిని వెనక్కి ఊపాడు, తర్వాత ఎడమ హుక్ వదిలాడు. రెండు దగ్గర స్కేలు వదిలేసినట్టు. అప్పటికి సిల్వా రెండు పాదాలూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి, ఒంటి బరువంతా మడమల మీదికి పోయింది. ఇంకొంచెం వంగితే పడిపోతాడు, వంగకుంటే తగులుతుంది.

తగిలాక ఏమైందో చెప్పడానికి నా దగ్గర లొట్టి ఉంది. చిన్నప్పుడు మా మామ తాటిచెట్టు కింద కల్లు లొట్టి దించి పెడితే నేను దాన్ని గిర్రున తిప్పేవాణ్ణి. మట్టి గోడ తిరుగుతుంది, లోపలి కల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైన నురుగు కదలకపోవడం కళ్లారా కనిపిస్తుంది. కాసేపటికి అదీ తిరుగుతుంది, అప్పుడు లొట్టిని ఆపితే కల్లు ఆగదు. పుర్రెలో మెదడు సంగతీ దాదాపు అంతే. సుమారు 1.4 కిలోల మెత్తటి పదార్థం, చుట్టూ పల్చటి ద్రవం. దవడ కొస మెడ నుంచి దూరంగా ఉంటుంది కాబట్టి అక్కడ తగిలిన దెబ్బ గడపార కొసన వేసిన బరువులా తలను ఒక్కసారిగా తిప్పేస్తుంది. పుర్రె ముందు తిరుగుతుంది, మెదడు వెనకబడుతుంది. ఆ మెలికలో నాడీకణాల సన్నని తీగలు సాగుతాయి. కణాల లోపలి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. మనిషిని మెలకువగా ఉంచే భాగాలు కాసేపు పని ఆపేస్తాయి.

గుద్దు వస్తుందని తెలిస్తే మెడ బిగుసుకుంటుంది. అప్పుడు తల ఒక్కటే కాదు, ఒళ్లంతా ఆ దెబ్బను పంచుకుంటుంది. లెక్క తప్పినవాడి మెడ వదులుగా ఉంటుంది. ఊహించని గుద్దే మనిషిని పడేస్తుందని బాక్సింగ్ కోచ్‌లు అనేది ఇందుకే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పిడిగుద్దు మన ప్రాంతానికి కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా హున్సాలో హోలీ సాయంత్రం తాడుకు అటూ ఇటూ నిలబడి పిడిగుద్దులాట ఆడతారు. ఇప్పుడు టౌన్లలో పిల్లలు గ్లోవ్స్ వేసుకుని నేర్చుకుంటున్నారు, మంచిదే. కానీ తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, కాసేపటి సంగతి గుర్తులేకపోయినా డాక్టర్ సరేననేదాకా మళ్లీ రింగులోకి దిగొద్దు. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండో దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంకో లెక్క. ఒక్కో పోరాటంలో గెలిచే అవకాశం 90 శాతం ఉన్నవాడు వరసగా 16 గెలిచే అవకాశం ఎంత? 0.9ని 16 సార్లు గుణించండి, 18 శాతం చిల్లర వస్తుంది. బొమ్మాబొరుసంత అవకాశం కావాలన్నా ప్రతిసారీ దాదాపు 96 శాతం కావాలి. అదీ నాలుగు ఔన్సుల గ్లోవ్స్‌తో, అంటే 113 గ్రాముల పల్చటి తొడుగుతో, ఒక్క దెబ్బతో అంతా తేలిపోయే ఆటలో. పైగా అప్పటికి సిల్వాకు 38 ఏళ్లు. స్కేలు ఇరవైల్లో దొరికినట్టు ముప్పైల చివర్లో దొరకదు. అందుకే అతను ఎందుకు ఓడాడన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. అన్నేళ్లు ఎలా ఓడలేదన్నదే పెద్ద ప్రశ్న.

మన బాక్సర్ నిఖత్ జరీన్ విషయంలో కూడా నాకు ఇదే బాధ. నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడింది. ఆ వూ యూనే చివరికి స్వర్ణం గెలిచింది. మర్నాడు టీ కొట్టు దగ్గర మాటలు వింటే ఆ రెండు ప్రపంచ టైటిళ్లు ఎవరికీ గుర్తులేవు.

సిల్వా కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. 2013 డిసెంబర్ 28న మళ్లీ వైడ్‌మన్‌తో తలపడ్డాడు. సిల్వా ఎడమ కాలితో తన్నాడు, వైడ్‌మన్ మోకాలు ఎత్తి అడ్డుపెట్టాడు. సిల్వా కాలు మోకాలి కింద విరిగి వేలాడింది. ఎముక నిలువు బరువును బాగా మోస్తుంది, అడ్డంగా వంచితే ఓర్చుకోదు. కందికట్టెను నేల మీద నిలబెట్టి నొక్కండి, మోకాలికి ఆనించి విరవండి, తేడా చేతికే తెలుస్తుంది. తన్నేవాడి కాలి కింది సన్నటి భాగం, అడ్డుపెట్టినవాడి మోకాలి కింది లావు భాగానికి తగిలితే ఏది విరుగుతుందో చెప్పక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో యురయా హాల్‌ను తన్నబోయి అదే వైడ్‌మన్ తన కాలు అదే తీరుగా విరగ్గొట్టుకున్నాడు. ఫిజిక్స్ ఎవరి పక్షమూ వహించదు.

కాలిలో లోహపు కడ్డీ వేయించుకున్న సిల్వా 13 నెలల తర్వాత, 2015 జనవరి 31న, నిక్ డియాజ్ మీద మళ్లీ దిగి గెలిచాడు. ఆ గెలుపు నిలవలేదు. డ్రగ్ టెస్టులో దొరికాడు, ఫలితం రద్దయింది, ఏడాది నిషేధం పడింది. అతన్ని ప్రేమించేవాళ్లు కూడా దీన్ని దాచకూడదు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అయినా 2009లో గ్రిఫిన్ ముందు అతని తల కదిలిన తీరును నేను చెరిపేసుకోలేను. 2011 ఫిబ్రవరిలో విటోర్ బెల్ఫోర్ట్ గడ్డం కింద అతను తన్నిన ముందుతన్ను చూశాక, మూడు నెలలు తిరక్కముందే ఇంకో ఫైటర్ లియోటో మచీడా తన ప్రత్యర్థి రాండీ కౌచర్‌ను ముఖం మీద ముందుతన్నుతోనే పడగొట్టాడు. 2023లో సిల్వాను యూఎఫ్‌సీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

బెల్ కొట్టాక పిల్లలంతా వెళ్లిపోయారు. ఆ అబ్బాయి మాత్రం డెస్కు దగ్గరే ఉన్నాడు. కింద పడ్డ స్కేలు తుడిచి నా చేతికిచ్చాడు.

"ఇంకోసారి సార్. లెక్కపెట్టకుండ్రి."

పైకెత్తి పట్టుకున్నాను. వాడు వేళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఈసారి స్కేలు వైపు చూడటం లేదు, నా వేళ్ల వైపు కూడా కాదు. నా భుజం వైపు చూస్తున్నాడు.