టైమింగ్ చైన్ టెన్షనర్: అపోహలు – వాస్తవాలు

ఉదయం షెడ్డు తలుపు తీసేసరికి ఎవరో ఒకరు మోటారు సైకిలుతో నిలబడి ఉంటారు. స్టార్టు చేయగానే నాలుగైదు సెకన్లు ఇంజను గలగలమంటుంది, తర్వాత సర్దుకుంటుంది. వచ్చినవారు అప్పటికే నిర్ణయించుకుని ఉంటారు: "టెన్షనర్ పోయిందండి, కొత్తది వేసేయండి." ఇరవై ఏళ్లుగా నాలుగు స్ట్రోకుల ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. ఈ చిన్న భాగం చుట్టూ అల్లుకున్నన్ని అపోహలు మరే భాగానికీ లేవు. వాటి వల్ల పాడైన ఇంజన్లు చూసి బాధపడి ఇది రాస్తున్నాను.

ముందు అది చేసే పని. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు కామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్కను కాపాడేది టైమింగ్ చైన్. తిరిగేటప్పుడు చైన్‌కు ఒక వైపు బిగువుగా లాగుతుంది, రెండో వైపు వదులుగా ఉంటుంది. ఆ వదులు వైపు చైన్ ఆనుకుని జారే ఒక ప్యాడ్ ఉంటుంది. దాన్ని వెనక నుంచి నెట్టి పట్టుకునేదే టెన్షనర్. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. అంత వేగంలో చైన్ కొట్టుకోకుండా ఆపుతున్నది స్ప్రింగుతో నడిచే ఒక కడ్డీ.

అపోహ: హెడ్డు దగ్గర శబ్దం వస్తే టెన్షనర్ పోయినట్టే

హెడ్డు అంటే వాల్వులు ఉండే ఇంజను పైభాగం. అక్కడ శబ్దం చేసేవి కనీసం మూడు నాలుగు ఉంటాయి. వాల్వును నొక్కే ట్యాపెట్ శబ్దం టిక్ టిక్ అని గడియారంలా లెక్కగా వస్తుంది, వేగం పెరిగితే అదే లెక్కలో పెరుగుతుంది. సైలెన్సర్ బెండు హెడ్డును కలిసే చోట ప్యాకింగ్ పోయినా దాదాపు అలాగే వినిపిస్తుంది, కానీ అక్కడ నల్లని మసి కనిపిస్తుంది. చైన్ శబ్దానికి ఆ లెక్క ఉండదు. డబ్బాలో గొలుసు వేసి కదిపినట్టు గలగలమంటుంది. చల్లని ఇంజనును స్టార్టు చేసినప్పుడు, మధ్య వేగంలో ఉండగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు అది బాగా బయటపడుతుంది.

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను పిస్టన్ కదిలే బోరు పక్కన చైన్ వెళ్లే గది మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వినండి. తర్వాత ట్యాపెట్ మూత మీద ఆనించి వినండి. తేడా ఒక్కసారి చెవికి అలవాటైతే మళ్లీ పొరపాటు పడరు. నా వరుస ఎప్పుడూ ఒకటే: ముందు ఆయిలు మట్టం, తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య సందు, ఆ తర్వాతే చైన్. సందు సరిచేయగానే శబ్దం పోయి, టెన్షనర్ జోలికి వెళ్లకుండానే తిరిగి వెళ్లిన బండ్లు చాలా ఉన్నాయి.

అపోహ: ప్రతి బండికీ టైమింగ్ చైన్ ఉంటుంది

పాత బుల్లెట్‌కు టైమింగ్ చైన్ మార్చమని ఇప్పటికీ అడుగుతారు. వాటిలో కామ్ కిందే ఉంటుంది. పళ్లచక్రాలతో తిరుగుతూ, పుష్ రాడ్లతో పైనున్న వాల్వులను తెరుస్తుంది. 2020 నవంబరులో వచ్చిన మీటియార్ 350, 2021 సెప్టెంబరులో వచ్చిన కొత్త క్లాసిక్ 350 ఇంజన్లలో మాత్రం కామ్ హెడ్డులోకి వెళ్లింది, చైన్ వచ్చింది. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి రెండు స్ట్రోకుల బండ్లలో కామ్, అది తెరిచే వాల్వులు రెండూ ఉండవు.

అపోహ: కొత్త టెన్షనర్ వేస్తే చైన్ కొత్తదైనట్టే

"చైన్ సాగింది" అంటాం కానీ ఇనుము రబ్బరులా సాగదు. ప్రతి లింకులోనూ పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్ కొద్దికొద్దిగా అరుగుతాయి. చైన్‌లో 90 లింకులు ఉన్నాయనుకోండి. ఒక్కో పిన్ను దగ్గర 0.02 మిల్లీమీటరు అరిగినా మొత్తం పొడవు 1.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. టెన్షనర్ కడ్డీ ఆ మేరకు ముందుకు జరిగి వదులును నింపుతుంది. జరగడానికి చోటు అయిపోయిన రోజున శబ్దం మొదలవుతుంది. అప్పుడు కొత్త టెన్షనర్ వేసినా అదే కొసకు వెళ్లి ఆగుతుంది.

చాలామంది మెకానిక్కులు కూడా గమనించని విషయం ఒకటి ఉంది. టెన్షనర్ నెట్టేది వదులు వైపును. కామ్‌ను నిజంగా తిప్పేది బిగువు వైపు. బిగువు వైపు పొడవు పెరిగితే కామ్ తిరగవలసిన క్షణం కంటే కాస్త ఆలస్యంగా తిరుగుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. టెన్షనర్ శబ్దాన్ని ఆపగలదు కానీ ఆ ఆలస్యాన్ని సరిచేయలేదు. శబ్దం లేదు కాబట్టి అంతా బాగుందని నమ్మి, కింది వేగాల్లో బండి లాగడం లేదని కార్బురేటర్ విప్పించుకునేవారిని చూస్తుంటాను. క్రాంక్ కొసనున్న మాగ్నెట్ చక్రం మీది టీ గుర్తును (పిస్టన్ పూర్తిగా పైన ఉందని చెప్పేది) సరిగ్గా కలిపి, కామ్ పళ్లచక్రం మీది గుర్తును చూడండి. అది హెడ్డు గీతకు సమంగా లేకుండా కాస్త వెనకబడి కనిపిస్తే చైన్ అరిగిందని అర్థం. అప్పుడు చైన్, దాని రెండు వైపుల ప్యాడ్లు, టెన్షనర్ కలిపి మార్చడమే సరైన పని. ప్యాడ్ల మీద చైన్ గాట్లు లోతుగా పడి ఉంటే వాటిని వదిలేసి కొత్త చైన్ వేయకండి.

అపోహ: స్ప్రింగు కింద వాషర్ వేస్తే గట్టిగా పట్టుకుంటుంది

దారి పక్కన చేసే చిట్కా ఇది. కొందరు స్ప్రింగును సాగదీసి వేస్తారు, కొందరు ఆటోమేటిక్‌ది తీసేసి బోల్టుతో బిగించే రకం అమర్చుకుని చైన్ నిలువునా బిగుసుకునే దాకా తిప్పుతారు. శబ్దం వెంటనే పోతుంది, అందుకే నమ్మకం కుదురుతుంది.

బోరు, హెడ్డు అల్యూమినియంతో చేసినవి, చైన్ ఉక్కుది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. క్రాంక్‌కు, కామ్‌కు మధ్య 150 మిల్లీమీటర్ల దూరం ఉండి, ఇంజను 100 డిగ్రీలు వేడెక్కితే, చైన్ పొడవు కంటే ఆ దూరం సుమారు 0.16 మిల్లీమీటరు ఎక్కువ పెరుగుతుంది. అంటే ఇంజను వేడెక్కే కొద్దీ చైన్ తనంతట తానే బిగుస్తుంది. చల్లగా ఉన్నప్పుడే వదులు లేకుండా బిగించిన చైన్ వేడిలో ప్యాడ్‌ను కోస్తుంది, కామ్ బేరింగును నలుపుతుంది. అలాంటి ఇంజను సన్నగా ఈలలాంటి శబ్దం చేస్తుంది. ఆ ఈల గలగల కంటే ప్రమాదకరం. చేత్తో బిగించే రకం చెడ్డదని అనడం లేదు. కాస్త వదులు ఉంచి, అప్పుడప్పుడూ చూసుకునే ఓపిక ఉన్నవారికి అది పనికొస్తుంది.

అపోహ: రెండు బోల్టుల పనే కదా, ఎవరైనా చేయవచ్చు

చాలా బండ్లలో టెన్షనర్ బోరు వెనక రెండు చిన్న బోల్టులతో బిగించి ఉంటుంది. ఇంజను విప్పనవసరం లేదు, పని అరగంటే. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

మూడేళ్ల కిందట ఒక 150 సీసీ బండిని ఆటోలో ఎక్కించి తెచ్చారు. దాని మీద ఇళ్లకు భోజనాలు చేరవేసే కుర్రవాడిది. బండి ఆగితే ఆ రోజు సంపాదన ఆగినట్టే. అంతకుముందు వేరే చోట శబ్దం కోసం టెన్షనర్ బోల్టులు రెండూ కొన్ని చుట్లు వదులు చేసి, ఏదో చూసి, మళ్లీ బిగించారట. అంతే చేశారు. రాచెట్ రకం టెన్షనర్‌లో కడ్డీకి పళ్లు ఉంటాయి, ఒక చిన్న గొళ్లెం వాటిని పట్టుకుని వెనక్కి రానివ్వదు. బోల్టులు వదులు కాగానే లోపలి స్ప్రింగు కడ్డీని ముందుకు నెడుతుంది, గొళ్లెం కొత్త పన్ను మీద పడుతుంది. మళ్లీ బోల్టులు బిగిస్తే వెనక్కి వెళ్లలేని ఆ కడ్డీ మొత్తం బలంతో ప్యాడ్ మీదికి దిగుతుంది. నేను విప్పేసరికి ప్యాడ్ విరిగి ముక్కలు ఆయిలు జల్లెడలో ఉన్నాయి. కామ్ బేరింగు పాడైంది. కొన్ని వందల రూపాయల భాగం కోసం మొదలైన పని వేలల్లోకి వెళ్లింది.

కాబట్టి బోల్టు ఒక చుట్టు వదులైనా సరే, టెన్షనర్ పూర్తిగా బయటికి తీసి, కడ్డీని వెనక్కి నెట్టాకే బిగించాలి. నేను చేసే తీరు ఇది. ముందు ఇంజను చల్లారాలి. ప్లగ్గు తీసి, ఇంజను మామూలుగా ఎటు తిరుగుతుందో అటే చేత్తో తిప్పి, టీ గుర్తు కలపాలి. రెండు ట్యాపెట్లూ వదులుగా కదిలితే సరైన చోట ఉన్నట్టు, కదలకపోతే మరో చుట్టు తిప్పాలి. వెనక్కి తిప్పకూడదు, తిప్పితే వదులు బిగువు వైపుకు మారి చైన్ పన్ను దాటే అవకాశం ఉంది. టెన్షనర్ బయట ఉన్నంతసేపూ క్రాంక్ కదలకూడదు, కిక్కు మీద ఎవరి కాలూ పడకూడదు. కామ్ పళ్లచక్రానికి 32 పళ్లు ఉంటే ఒక్క పన్ను దాటడమంటే క్రాంక్ లెక్కలో 22.5 డిగ్రీల తేడా. ఇంకా ఎక్కువ దాటితే పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది.

రాచెట్ రకంలో ముందు నడి బోల్టును మెల్లగా విప్పి స్ప్రింగు తీయాలి, ముఖం దానికి ఎదురుగా పెట్టకూడదు. తర్వాత రెండు బోల్టులు తీసి, గొళ్లెం నొక్కి కడ్డీని పూర్తిగా లోపలికి నెట్టి, కొత్త ప్యాకింగ్‌తో బిగించి, చివర స్ప్రింగు, నడి బోల్టు వేయాలి. కడ్డీ ముందుకు వెళ్తూ టిక్కు టిక్కుమనడం వినిపిస్తుంది. తిప్పే రకంలో వెనకున్న చిన్న మరను తీసి, సన్నని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే కడ్డీ లోపలికి వెళ్తుంది. దాన్ని అక్కడే ఆపడానికి ఒక మిల్లీమీటరు మందం రేకును కోసి తాళంచెవిలా చేసుకున్నాను. బోల్టులు బిగించాక రేకు లాగేస్తే కడ్డీ తన చోటికి తాను వెళ్తుంది. 6 మిల్లీమీటర్ల మర ఉన్న ఆ బోల్టులకు సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, అంతకు మించితే అల్యూమినియంలో మర ఊడుతుంది. ప్యాకింగ్ బదులు పేస్టు పూయకండి. అది లోపలికి ఊడి పడి ఆయిలు జల్లెడను మూసేస్తుంది. చివరిగా స్టార్టు చేసే ముందు క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకుండా అక్కడే ఆగాలి.

అపోహ: ఆయిలుకూ చైన్ శబ్దానికీ సంబంధం లేదు

కొన్ని ఇంజన్లలో టెన్షనర్‌ను నెట్టేదే ఆయిలు ఒత్తిడి. స్ప్రింగు రకంలోనూ చైన్ పిన్నుల మధ్య అరుగుదలను ఆపేది ఆయిలే. 100 సీసీ బండిలో ఉండేది సుమారు లీటరు. అందులో పావు లీటరు తగ్గినా ఇంజనుకు పెద్ద లోటే. మార్చవలసిన గడువు దాటిన ఆయిలుతో నడిపి, చైన్ కంపెనీని తిట్టడం న్యాయం కాదు.

టెన్షనర్ మార్పిస్తే పాతదాన్ని చేతికి ఇవ్వమని అడగండి. విప్పగానే, వెనక్కి నెట్టకముందే చూపించమనండి. కడ్డీ సగం లోపే బయటికి వచ్చి ఉంటే చైన్‌లో ఇంకా ఆయువు ఉంది, లోపం స్ప్రింగులోనో గొళ్లెంలోనో ఉండవచ్చు. దాదాపు కొస దాకా వచ్చి ఉంటే బిల్లు కట్టే ముందే చైన్, ప్యాడ్ల సంగతి అక్కడే మాట్లాడుకోండి.