ఇస్కియా ద్వీపం నుంచి హాలీవుడ్‌కు: ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు గురించి

చిరంజీవులైన పిల్లలకు,

సినిమా అయిపోయి పేర్లు పైకి జరుగుతూ ఉంటే మీరు టీవీ కట్టేస్తారు. నాకు మాత్రం ఆ పేర్లలో నాలుగో వరుసలోనో ఏడో వరుసలోనో ఉండేవాళ్ల మీద మమకారం ఎక్కువ. అలాంటివాళ్లలో ఒకరిని మీకు పరిచయం చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఆయన పేరు ఎడ్వార్డో చాన్నెల్లి. ఇటలీలో పుట్టి, అమెరికా సినిమాల్లోనూ టీవీలోనూ ముప్పై ఏళ్లకు పైగా నటించారు. మన గుమ్మడిగారి మాదిరిగా, ఆయన తెర మీద ఉన్నంతసేపూ మన చూపు పక్కకు పోదు.

నేపుల్స్ తీరానికి ఎదురుగా ఇస్కియా అనే ద్వీపం ఉంది. వేడినీటి ఊటలకు పేరు పొందిన చోటు. 1888లో ఆయన అక్కడే పుట్టారు. తండ్రి వైద్యుడు. కొడుకు కూడా నేపుల్స్‌లో వైద్యమే చదివాడు, కానీ మనసు పాట మీద ఉండిపోయింది. గంభీరమైన గొంతు ఉండటంతో, పాటలతోనే సాగే పాశ్చాత్య నాటకమైన ఒపేరాలో గాయకుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా వెళ్లి న్యూయార్క్ రంగస్థలం మీద సంగీత నాటకాల్లోనూ మామూలు నాటకాల్లోనూ వేషాలు వేశాడు. ఆ గొంతు, ఆ నిలకడ అక్కడ సానబెట్టినవే.

ఆయనకు దారి తెరిచిన నాటకం 1935లో వచ్చిన ‘వింటర్‌సెట్’. దాని వెనుక ఒక నిజమైన విషాదం ఉంది. సాకో, వాన్‌జెట్టి అనే ఇద్దరు ఇటలీ వలస కార్మికులను హత్యానేరం మీద 1927లో అమెరికాలో ఉరి కాదు, విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టి చంపారు. న్యాయం జరగలేదని ప్రపంచమంతటా ఆందోళనలు చెలరేగాయి. ఆ బాధ నుంచి మాక్స్‌వెల్ ఆండర్సన్ రాసిన నాటకంలో, అమాయకుడు శిక్ష అనుభవిస్తే తప్పించుకు తిరిగే అసలు హంతకుడి పాత్ర చాన్నెల్లిది. రోగంతో ఇంకో ఆరు నెలల్లో చనిపోబోయే మనిషి, ఆ ఆరు నెలల కోసం ఎవరినైనా చంపడానికి సిద్ధపడతాడు. మరుసటి ఏడాది అది సినిమా అయినప్పుడు కూడా ఆ వేషం ఆయనకే దక్కింది.

ఇక హాలీవుడ్ వదల్లేదు. 1937లో ‘మార్క్‌డ్ ఉమన్’ అనే చిత్రంలో బెట్టీ డేవిస్‌కు ఎదురుగా ముఠా నాయకుడిగా వేశారు. లక్కీ లూసియానో అనే నిజమైన మాఫియా నాయకుడి మీద అంతకు ముందు ఏడాదే జరిగిన విచారణను ఆధారం చేసుకున్న కథ అది. ఇందులో ఆయన అరవడు. మాట నెమ్మదిగా, దాదాపు మర్యాదగా ఉంటుంది. భయం అక్కడి నుంచే పుడుతుంది.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన ఇంగ్లీషులో ఇటలీ యాస ఉండేది. ముఖం ఎముకలు తేలి, కళ్లు లోతుగా, సూటిగా ఉండేవి. ఆ రోజుల్లో హాలీవుడ్‌కు విదేశీయుడంటే ఎవరైనా ఒకటే. అందుకే ఆయన చేత ఈజిప్టు పూజారి వేషం వేయించారు, యుద్ధం తెచ్చిపెట్టే గూఢచారిగా హిచ్‌కాక్ సినిమాలో పెట్టారు, పదిహేను భాగాల సీరియల్‌లో యంత్రమానవుణ్ణి ఉసిగొల్పే డాక్టర్ సేటన్‌ను చేశారు. ఈ మూడూ 1940 ఒక్క ఏడాదిలోనే.

అంతకు ముందు, 1939లో, ఆయన్ను భారతీయుణ్ణి కూడా చేశారు. ‘గంగాదీన్’ అనే ఆ సినిమాను కాలిఫోర్నియా కొండల్లో తీసి మన వాయవ్య సరిహద్దు అని చూపించారు. కథ ముగ్గురు బ్రిటిష్ సార్జెంట్ల సాహసాల గురించి. చాన్నెల్లి, బాటసారులను చంపి దోచుకునే థగ్గుల గురువు, నల్లరంగు పూసుకున్న గుండు మనిషి. రాత్రిపూట గుడిలో అనుచరుల ముందు నిలబడి కాళికాదేవి పేరు చెప్పి చంపండి, చంపండి అని ఉసిగొల్పుతాడు. మన దేశాన్ని, మన దేవతను చూపించిన తీరు నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అప్పట్లో ఇక్కడ నిరసనలు రావడం న్యాయమే.

అయినా చివరి ఘట్టం చూడండి. సార్జెంట్లు గురువును బందీగా పట్టుకుంటారు. ఆయన ప్రాణం కోసం అనుచరులు వెనకాడుతుంటారు. అప్పుడాయన ఆ సార్జెంట్లకు చంద్రగుప్త మౌర్యుడి పేరు వినిపిస్తాడు. మీరు ఇంగ్లండు కోసం చావడానికి ప్రమాణం చేశారు కదా, నా దేశం కోసం నేనూ అంతే సులువుగా చావగలను అంటాడు. ఆ మాట అని, తన వాళ్ల చేతులకు కట్టు తెగిపోవాలని పాముల గోతిలోకి దూకేస్తాడు. దుర్మార్గుడిగా రాసిన పాత్ర అది. ఆ నాలుగు మాటలు పలికేటప్పుడు మాత్రం ఆయన గొంతులో వెటకారం లేదు, పిచ్చి లేదు. సామ్రాజ్యాన్ని పొగిడే సినిమాలో ఒక్క నిమిషం పాటు ఎదుటివాడి పక్షం కూడా వినబడింది. రాసినవాళ్లకు కొంత పేరు ఇవ్వాలి, పలికినవాడికి ఎక్కువ ఇవ్వాలి.

వయసు పెరిగాక వేషాలు మెత్తబడ్డాయి. 1958లో ‘హౌస్‌బోట్’లో సోఫియా లోరెన్ తండ్రిగా, వాద్యబృందాన్ని నడిపించే పేరున్న సంగీత నిర్వాహకుడిగా కనిపిస్తారు. ఒకప్పటి ఒపేరా గాయకుడికి అంతకన్నా తగిన వేషం ఏముంటుంది! ఆ మరుసటి ఏడాది ‘జానీ స్టకాటో’ టీవీ ధారావాహికలో జాజ్ క్లబ్బు యజమాని వాల్డో అయ్యారు. కథానాయకుడు జాన్ కసావెటీస్ డిటెక్టివ్ పని చేసే పియానో వాద్యకారుడు. వాల్డో అతనికి పెద్దదిక్కు. ముఠా నాయకుడిగా భయపెట్టిన ఆ గొంతే ఇక్కడ ఓదారుస్తుంది.

మన ఊళ్లలో ఆయన్ను చూసినవాళ్లు లెక్కలేనంతమంది ఉన్నారు, పేరే తెలియదు. ‘మెకన్నాస్ గోల్డ్’ మన దేశంలో ఎంతగా ఆడిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కృష్ణగారి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది కూడా అలాంటి కౌబాయ్ చిత్రాల ఊపులోనే. ‘మెకన్నాస్ గోల్డ్’ మొదట్లో బంగారు లోయ పటం దగ్గర పెట్టుకుని గ్రెగరీ పెక్ మీద కాల్పులు జరిపి, గాయపడి ప్రాణం విడిచే, అపాచీ అనే అమెరికా ఆదివాసీ తెగ ముసలాయన గుర్తున్నాడా? ఆయనే చాన్నెల్లి. అప్పటికి ఎనభైకి దగ్గరపడిన వయసు. తెర మీద ఉండేది కొన్ని నిమిషాలే అయినా, తరువాత జరిగే పరుగులన్నిటికీ మూలం ఆ పటమే.

ఆ సినిమా వచ్చిన 1969లోనే, అక్టోబరులో, రోమ్‌లో ఆయన కన్నుమూశారు.

సెలవులకు వచ్చినప్పుడు ‘గంగాదీన్’ కలిసి చూద్దాం. దాని మీద మీకు కోపం రావాలి, వస్తే నాతో వాదించాలి. గురువు దూకే ఘట్టం మాత్రం మధ్యలో మాట్లాడకుండా చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య