గుడి కట్టించిన గాయని గుడి వెనక పాడిన రోజులు

జనవరి వస్తే మా కాలనీ గుడిలో త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. పంచరత్నాలు, అంటే త్యాగరాజు గారి ఐదు పెద్ద కీర్తనలు, పాడేవాళ్లలో ముప్పాతిక మంది ఆడవాళ్లమే. ఒళ్లో జిరాక్సు కాగితాలు, తొడ మీద తాళం, పక్కన శ్రుతిపెట్టె. ‘జగదానందకారక’ అందరికీ నోటికి వచ్చు. ‘దుడుకుగల’ చరణాల దగ్గరికి వచ్చేసరికి కళ్లన్నీ కాగితాల మీదకి వాలతాయి. వరాళి రాగంలోది అయితే గురువు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది కదా, మాలో చాలామంది దాన్ని విని విని పట్టుకున్నవాళ్లమే. ఈసారి నా పక్కన కూర్చున్న తొమ్మిదో క్లాసు పిల్ల, పాటకీ పాటకీ మధ్య అడిగింది: “ఆంటీ, ఆడవాళ్లు, మగవాళ్లు ఇలా కలిసి కూర్చుని పాడటం త్యాగరాజు గారు పోయినప్పటి నుంచీ ఉందా?”

అవుననే అన్నాను. తప్పు చెప్పాను. ఆ పిల్లకి చెప్పాల్సిన సంగతి చాలా ఉంది. అది బెంగళూరు నాగరత్నమ్మ అనే గాయని కథ.

త్యాగరాజస్వామి 1847 జనవరిలో, పుష్య బహుళ పంచమి నాడు తంజావూరు దగ్గరి తిరువయ్యారులో సిద్ధి పొందారు. అంతకు కొద్ది ముందే సన్యాసం తీసుకున్నారు కాబట్టి కావేరి ఒడ్డున సమాధి చేసి, పైన చిన్న బృందావనం, అంటే తులసికోట లాంటి కట్టడం, కట్టారు. శిష్యులు ఎక్కడివాళ్లు అక్కడికి వెళ్లిపోయారు. ఎవరిళ్లలో వాళ్లు తిథి జరుపుకునేవాళ్లు తప్ప సమాధిని పట్టించుకున్నవాళ్లు లేరు. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి చూస్తే పిచ్చిమొక్కల మధ్య శిథిలంగా ఉంది. ఈ ఇద్దరూ స్వామి దగ్గర నేర్చుకున్న శిష్యులే, అప్పటికి ముసలివాళ్లు. వాళ్లే పూనుకుని బాగు చేయించారు. ఆ తర్వాత కొన్నాళ్లకి తిల్లైస్థానం నరసింహ భాగవతార్, ఆయన తమ్ముడు పంజు భాగవతార్ కలిసి ఆరాధనను పెద్ద ఉత్సవంగా మొదలుపెట్టారు.

అన్నదమ్ముల మధ్య పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. అన్న వైపు వాళ్లది ‘పెరియ కచ్చి’, తమ్ముడి వైపు వాళ్లది ‘చిన్న కచ్చి’. కచ్చి అంటే అరవంలో పక్షం. ఒకే స్వామికి రెండు ఉత్సవాలు జరిగేవి. ఒకరు పంచమి నాటికి ముగిస్తే, ఇంకొకరు పంచమి నాడు మొదలుపెట్టేవాళ్లు. ఎన్ని తగాదాలున్నా రెండు పక్షాలూ ఒక్క విషయంలో మాత్రం ఏకమే: అక్కడ ఆడవాళ్లు పాడకూడదు.

ఆ రోజుల్లో సభలో పాడే ఆడవాళ్లంటే దాదాపు అందరూ దేవదాసీ కుటుంబాల వాళ్లే. సంసారుల ఇళ్లలో ఆడపిల్ల నలుగురిలో గొంతెత్తడమే తప్పు. దేవదాసీ పాడితే వినడానికి జమీందారులు, వకీళ్లు, జడ్జీలు డబ్బిచ్చి పిలుచుకునేవాళ్లు. సన్యాసి సమాధి దగ్గరికి మాత్రం ఆమె రాకూడదు. పాట కావాలి, పాడే మనిషి మాత్రం గడప బయటే ఉండాలి. ఆ రోజుల సంగీత ప్రపంచం నడిచిన తీరు అదీ.

నాగరత్నమ్మ 1878 నవంబరులో మైసూరు రాజ్యంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ, తండ్రి సుబ్బారావు వకీలు. ఆ తల్లి పడ్డ కష్టం తక్కువది కాదు. కూతురికి సంస్కృతం, కన్నడం, తెలుగు, సంగీతం, నాట్యం అన్నీ చెప్పించారు. నాగరత్నమ్మకి పద్నాలుగేళ్లు ఉన్నప్పుడు ఆమె పోయారు. బెంగళూరులో సంగీతం చెప్పిన మునుస్వామప్పది వాలాజాపేట పరంపర, అంటే త్యాగరాజు శిష్యుల ద్వారా వచ్చిన పాఠమే. అలా చూస్తే నాగరత్నమ్మ కూడా ఆ ఇంటి బిడ్డే. మైసూరు ఆస్థానంలో పేరొచ్చింది. హైకోర్టు జడ్జి నరహరిరావు ఆదరణ, ప్రోత్సాహం దొరికాయి. 1900 దాటాక మద్రాసు చేరి జార్జిటౌనులో స్థిరపడ్డారు. కచేరీల మీద బాగా సంపాదించారు.

ఇక్కడ ఆగి, మన తెలుగువాళ్లం మరిచిపోకూడని ముచ్చట ఒకటి చెప్పాలి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేవారు. ఆమె తెలుగులో రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అది అచ్చయింది గానీ, కవయిత్రి తన గురించి, తన తల్లి, అమ్మమ్మల గురించి చెప్పుకున్న పద్యాలు తీసేశారు, కొన్ని శృంగార పద్యాలూ పోయాయి. నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి, దాంతో పోల్చి సరిచూసి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి కావ్యాన్ని వేయించారు. ఒక గాయని, తెలుగు పుట్టుభాష కాని ఊళ్లో పుట్టిన మనిషి, తెలుగు కావ్యానికి పరిష్కర్త అయ్యారు.

అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఈ కావ్యంలోని పద్యాలు ఆడవాళ్లు వినదగినవి కావనీ, ఒక ఆడది రాయదగినవి అంతకన్నా కావనీ తన కవుల చరిత్రలో రాసి ఉన్నారు. నాగరత్నమ్మ పీఠికలో సూటిగా జవాబు చెప్పారు. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి లేదా అని అడిగారు. పంతులుగారు స్వయంగా పరిష్కరించి అచ్చువేయించిన ‘వైజయంతీ విలాసము’ లో శృంగారం మాటేమిటని కూడా అడిగారు. వితంతు వివాహాల కోసం అంత పోరాడిన పంతులుగారికి ఒక ఆడమనిషి శృంగారం రాస్తే ఎందుకు మింగుడు పడలేదో నాకిప్పటికీ అర్థం కాదు. 1911లో పోలీసులు పుస్తకాలు పట్టుకుపోయారు, కావ్యం మీద నిషేధం పడింది. ఆ నిషేధం టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పుడు అలాగే అనేవాళ్లు) ఉండగా 1947లో గానీ తొలగలేదు.

దశాబ్దం గడిచింది. 1921లో గురువు నుంచి ఉత్తరం వచ్చింది, తిరువయ్యారులో స్వామి సమాధి చూడలేని స్థితిలో ఉందని. నాగరత్నమ్మ వెళ్లారు. ఆ స్థలం ఎవరిదో ఆరా తీసి, కావలసిన నేల సంపాదించి, ఆ ఏడాది అక్టోబరులోనే శంకుస్థాపన చేయించారు. నగలు అమ్మారు, మద్రాసు ఆస్తి అమ్మారు. స్వామి విగ్రహం చెక్కించి, సమాధి మీద గుడి కట్టించి, 1925 జనవరిలో కుంభాభిషేకం జరిపించారు. తర్వాత తిరువయ్యారులోనే ఉండిపోయారు.

ఆ గుడిలో ఆరాధన నాడు పాడతానని అడిగితే రెండు కచ్చీల వాళ్లూ ఒప్పుకోలేదు. హరికథ చెప్పుకోనివ్వమన్నా కాదన్నారు. గుడి కట్టడానికి ఆమె డబ్బుకి మైల లేదు, పాడబోతే ఆమె గొంతుకి మైల వచ్చింది.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఊరూరా తిరిగి తోటి గాయనులను పోగుచేశారు. 1927 నుంచి గుడి వెనక భాగంలో ఆడవాళ్ల ఉత్సవం మొదలుపెట్టారు. జనం దానికి ‘పెణ్‌గళ్ కచ్చి’, ఆడవాళ్ల పక్షం అని పేరు పెట్టారు. ముందు వైపు మగవాళ్ల పాట, వెనక వైపు ఆడవాళ్ల పాట. మధ్యలో ఉన్న స్వామి విగ్రహం ఆమె చేయించిందే. అలా ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, పదేళ్లకు పైనే.

అదే 1927లో మద్రాసు శాసనమండలిలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం ప్రయత్నం మొదలుపెట్టారు. మద్రాసు దేవదాసీల సంఘం తరఫున నాగరత్నమ్మ దాన్ని వ్యతిరేకించారు. మా చదువును, కళను, ఆడవాళ్లకి మా కుటుంబాల్లో ఉన్న ఆస్తి హక్కును వ్యభిచారంతో కలిపి తుడిచేయొద్దని వాళ్ల వాదన. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినవారే. చిన్నపిల్లలను గుడికి అంకితం చేయడం ఆగాలన్న ఆమె తపన నిజమైనది. నాగరత్నమ్మ భయమూ నిజమైందే. చట్టం వచ్చాక సభల్లో ఆ కుటుంబాల గాయనులు ఎంతమంది మిగిలారో చూస్తే ఆ భయం అర్థమవుతుంది. ఆ చట్టం వచ్చింది కూడా 1947లోనే, ముద్దుపళని కావ్యం మీద నిషేధం పోయిన ఏడాదే.

తిరువయ్యారులో రాజీ 1940-41లో కుదిరింది. ఐసీఎస్ అధికారి ఎస్.వై. కృష్ణస్వామి, గాయకుడు ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ వంటివాళ్లు మధ్యవర్తులుగా నిలిచి మూడు కచ్చీలనూ ఒకటి చేశారు. ఆడవాళ్లు ముందు వైపుకి వచ్చారు. అందరూ కలిసి పాడేది ఒకటి ఉండాలని పంచరత్నాలను గోష్ఠిగానంగా ఖాయం చేసింది కూడా అప్పుడే. మా గుడిలో పిల్ల అడిగిన ప్రశ్నకి సరైన జవాబు ఇది: ఈ వరసకి ఇంకా వందేళ్లు కూడా నిండలేదమ్మా.

ఇప్పుడు పంచమి ఉదయం టీవీలో చూస్తుంటాం. వేణువు మీద భైరవి రాగంలో ‘చేతులార’ అయ్యాక నాట రాగంలో ‘జగదానందకారక’ అందుకుంటారు. సన్నిధికి ఒక పక్క మగవాళ్లు, ఇంకో పక్క ఆడవాళ్లు, మధ్యలో అభిషేకం. ఆ తెలుగు మాటలు పలికేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు రాదు, అయినా ఎంత భక్తిగా పాడతారో. తెలుగు వచ్చిన మనకేమో ఆమె పేరు తెలియదు.

నాగరత్నమ్మ 1949లో విల్లు రాశారు. తన ఆస్తి అంతా స్వామి సేవకి ట్రస్టుగా పెట్టారు. ఆడవాళ్లకి, దేవదాసీలతో సహా, అక్కడ సంగీత సేవ చేసే హక్కు మగవాళ్లతో సమానంగా ఉండాలని అందులో షరతు పెట్టారు. నోటి మాట మీద కుదిరిన రాజీని ఆమె అంత తేలిగ్గా నమ్మలేదన్నమాట. 1952 మేలో పోయారు. స్వామి సమాధికి ఎదురుగానే ఆమె సమాధి ఉంది. దాని మీద ఆమె విగ్రహం, కూర్చుని, చేతులు జోడించి, సన్నిధి వైపే చూస్తూ ఉంటుంది.