ఆన్‌లైన్ పరీక్షలో ఫార్ములా షీటు: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇక్కడి ప్రభుత్వ బడుల పిల్లలు ఏటా రాసే స్టార్ పరీక్షలు 2022-23 నుంచి దాదాపు పూర్తిగా ఆన్‌లైన్ అయిపోయాయి. మా లెక్కల పరీక్షలో ఫార్ములాల షీటు, కాలిక్యులేటర్ రెండూ తెర మీదే ఉంటాయి. వీటి గురించి తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే.

అపోహ: చూసి రాసేదానికి మళ్లీ ప్రాక్టీసు ఎందుకండీ?

వాస్తవం: సిలిండర్ ఘనపరిమాణానికి షీటులో ‘వి = బి హెచ్’ అని మాత్రమే ఉంటుంది. ఆ బి పెద్దక్షరం. అడుగు వైశాల్యం అని దానర్థం, హెచ్ అంటే ఎత్తు. 6 అంగుళాల వ్యాసం, 10 అంగుళాల ఎత్తు ఉన్న డబ్బా ఇస్తే, షీటు కొత్తగా చూసిన పిల్లలు ఆరు పదులు అరవై అని రాసేస్తారు. ఇంకొందరు పై ఆర్ స్క్వేర్ దాకా వెళ్తారు గానీ, వ్యాసాన్ని సగం చెయ్యడం మరిచి 1,130.4 తెస్తారు. సగం చేస్తే 3, దాని వర్గం 9, 3.14తో గుణిస్తే 28.26. దాన్ని ఎత్తు 10తో గుణిస్తే 282.6 ఘనపు అంగుళాలు. మూడు జవాబులూ ఒకే షీటు చూసి రాసినవే! పైగా అదే షీటులో సరళరేఖ సమీకరణం దగ్గర చిన్న బి ఒకటుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ పెద్ద బి, చిన్న బి కోసం నేను ఒక పీరియడ్ మొత్తం పెడతాను.

ఇంటర్‌లో లాగ్ టేబుల్స్, పాలిటెక్నిక్‌లో స్టీమ్ టేబుల్స్ దగ్గర పెట్టుకుని పరీక్ష రాసినవాళ్లు మనలో ఎంతమంది లేరు? టేబుల్ ఎదురుగా ఉన్నా, ఏ వరుసలో చూడాలో తెలియనివాళ్లకు అది అక్కరకు రాలేదు.

అపోహ: షీటు పరీక్ష రోజున ఎలాగూ ఇస్తారు, అప్పుడు చూసుకోవచ్చు.

వాస్తవం: అది రహస్యమేమీ కాదు, రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్లో ఎప్పుడూ ఉంటుంది. ఆగస్టులోనే ప్రింటు తీసి హోంవర్కు పుస్తకంలో పెట్టండి. ఏ ఫార్ములా ఏ మూలన ఉందో కంటికి అలవాటవ్వాలి. తెర మీద షీటు తెరిస్తే ప్రశ్న మీదికి వచ్చి కూర్చుంటుంది, పిల్లలు చదివిన అంకె మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్తారు. కాగితం ప్రతి ఇవ్వడానికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. నన్నడిగితే అదే మేలు.

అపోహ: షీటు ఇచ్చినప్పుడు సొంత నోట్సూ తెచ్చుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. పరీక్షకు ముందు క్లాసు గోడల మీది చార్టులు కూడా కప్పేస్తాం. గుర్తుంచుకోవడంలో ఇబ్బంది ఉండి, క్లాసులో రోజూ ఒక సహాయక పట్టిక వాడే పిల్లలకు మాత్రం, అర్హత చూసి దాన్ని అనుమతిస్తారు. మీ బిడ్డకు ఆ అవసరం ఉందనిపిస్తే మొహమాటపడకండి, బడి మొదలైనప్పుడే అడగండి.

అపోహ: ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్‌లో ఉండే లెక్కల పరీక్షలో ఏ ఆసరా ఉండదు.

వాస్తవం: తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు చూసుకోవచ్చు. కాకపోతే అందులో మాటకు మాట మాత్రమే ఉండాలి. వివరణలు, ఉదాహరణ వాక్యాలు ఉంటే ఒప్పుకోరు. మన ఇళ్లలో ఉండే లావుపాటి నిఘంటువుల్లో చాలావాటికి అవి ఉంటాయి. అందుకే మీ దగ్గరున్నది జనవరిలోనే టీచరుకు చూపించండి. అది పనికిరాకపోతే వేరేది వెతికి తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది.