లినక్స్‌లో నేపాలీ టైపింగ్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి బాలాజీ కాలనీలో నాది చిన్న డీటీపీ షాపు. మెషిన్లన్నీ ఉబుంటు అనే లినక్స్‌తో నడుస్తాయి. ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో వంట చేసే నేపాలీ కుర్రాళ్ళు, ఇక్కడ సంస్కృతం చదవడానికి వచ్చిన పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి "దాయి, నేపాలీ పడట్లేదు" అంటుంటారు. దాయి అంటే వాళ్ళ భాషలో అన్న. ఎవరొచ్చినా దాదాపు ఇవే అపోహలు.

అపోహ: ప్రీతి అనే పాత నేపాలీ ఫాంట్ ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. ప్రీతిలో నిజానికి పడేవి ఇంగ్లీషు అక్షరాలే, పైకి మాత్రం నేపాలీ బొమ్మలు కనిపిస్తాయి. అను ఫాంట్లతో పనిచేసిన తెలుగువాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ ఫాంటు లేని మెషిన్లో ఫైలు తెరిస్తే అంతా గజిబిజి. నేపాలీలో వెతికితే ఒక్క మాటా దొరకదు. అన్ని లిపుల అక్షరాలకూ వేరువేరు నంబర్లిచ్చే యూనికోడ్‌లో, నేపాలీ రాసే దేవనాగరికి 0900 నుంచి సొంత స్థానాలున్నాయి, మన తెలుగుకి 0సి00 నుంచి ఉన్నట్టే. పాత ప్రీతి ఫైళ్ళను యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ఒకసారి చదివి దిద్దుకోండి.

అపోహ: సిస్టమంతా నేపాలీలోకి మార్చాలి, నెట్ ఉండాలి.

వాస్తవం: రెండూ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్ కింద ప్లస్ నొక్కి నేపాలీ చేర్చండి. సూపర్ (విండోస్ బొమ్మ ఉండే కీ), స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఇంగ్లీషును జాబితాలో పైనే ఉంచండి. లేదంటే పాస్‌వర్డ్ దగ్గర టెన్షన్ తప్పదు.

అపోహ: ప్రీతికి అలవాటైన వేళ్ళకు లినక్స్ పనికిరాదు.

వాస్తవం: పనికొస్తుంది. ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుని (దీనికి మాత్రం ఒకసారి నెట్ కావాలి) లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అయితే రెండు లేఅవుట్లు (కీల అమరికలు) దొరుకుతాయి. 'కె' నొక్కితే క పడేది రోమనైజ్డ్, పాత టైప్‌రైటర్ పద్ధతిది, ప్రీతికి దగ్గరగా ఉండేది ట్రెడిషనల్. కాఠ్మాండూ లోయలోని మదన్ పురస్కార్ పుస్తకాలయం 2005లోనే నేపాలీనక్స్ పేరుతో నేపాలీ లినక్స్ తెచ్చింది. ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు.

అపోహ: లిపి ఒకటే కాబట్టి హిందీ కీబోర్డు చాలు.

వాస్తవం: చాలావరకు నడుస్తుంది, 'గర్‍యో' దగ్గర చిక్కుకుంటుంది. 'చేశాడు' అని అర్థం, అడుగడుగునా వచ్చే మాట. ఇందులో ర రేఫంగా, అంటే చిన్న కొక్కెంలా, య మీదికి ఎక్కకూడదు, కనురెప్ప వెంట్రుకలా పక్కనే నిలవాలి. అందుకు ర, హలంత (మన పొల్లు), జీరో విడ్త్ జాయినర్ (కంటికి కనిపించని అక్షరం), య వరసగా పడాలి. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు మనం నాన్ జాయినర్ పెడతామే, దానికి తోబుట్టువు ఇది. నేపాలీ లేఅవుట్లో ఈ జాయినర్‌కో కీ ఉంటుంది. దొరక్కపోతే ఇంగ్లీషుకు మారి కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200డి కొట్టి ఎంటర్ చేయండి.

మొన్నొక విద్యార్థి వ్యాసమంతా హిందీ కీబోర్డుతో కొట్టి తెచ్చాడు. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఒక్క దెబ్బకు మార్చేద్దామన్నాడు. వద్దన్నాను. సూర్య, కార్య లాంటి సంస్కృత పదాల్లో రేఫం పైనే ఉండాలి, అవన్నీ చెడిపోతాయి. ఇద్దరం కూర్చుని ఒక్కో 'ర్య' దగ్గరా ఆగి, ఏది ఏదో అతను చెబుతుంటే నేను దిద్దాను.